రెండు వేళ్ళ సందు

మా ముందుగది తలుపు వెనక మేకుకి ఒక హార్నెస్ వేలాడుతుండేది. నల్ల పట్టీలు, ఎర్ర అంచు, పొట్ట కింద బిగించే క్లిప్పు, వీపు మీద తాడు తగిలించే ఇనుప రింగు. మా పెద్దోడు ఆ తలుపు వైపు రావడం మానేసి ఐదు నెలలైంది. వీధిలోకి పోవాలంటే వంటింటి వెనక గుమ్మంలోంచి దిగి, ఇల్లంతా చుట్టుకుని పోయేవాడు.

పెద్దోడంటే నా కొడుకు కాదు, కుక్క. నాకున్నది ఒక్కతే కూతురు, చిట్టి. "నీకు ఒక్కతే, నాకు మాత్రం ఇద్దరు" అనేవారు మా ఆయన, నలుగురి ముందూ. నాకు ఒళ్ళు మండేది. చిట్టికి ఇంకా మండేది. "నేను వాడికన్నా పద్దెనిమిదేళ్ళు పెద్దదాన్ని. వాడు పెద్దోడెలా అయ్యాడు నాన్నా?" అని తగువు పెట్టుకునేది. "వాడు నా మాట వింటాడు కదా, అందుకని" అనేవారు.

ఆయనది తప్పిపోయిన మనుషుల్ని వెతికే దళంలో ఉద్యోగం. తప్పిపోయిన మనిషి బట్ట ఏదైనా తెచ్చి కుక్కకి వాసన చూపిస్తారు, హార్నెస్ తొడుగుతారు, అది దారి పట్టుకుని పోతుంది. తొడిగితే పని మొదలైనట్టు, విప్పితే పని అయిపోయినట్టు. కుక్కకి అంతకు మించిన గడియారం లేదు.

నాకు కుక్కలంటే చచ్చేంత భయం. చిన్నప్పుడు పిక్క పట్టి లాగింది ఒకటి. పెద్దోడు మా ఇంట్లో నాలుగేళ్ళు తిరిగినా వాడి మీద చెయ్యి వేసి ఎరగను. కానీ వాడి చదువులో నాకూ ఒక ఉద్యోగం ఉండేది. ఆదివారం పొద్దున్నే ఆయన వచ్చి, "ఓయ్ పిరికిదానా, లేచి కాసేపు తప్పిపో" అనేవారు. నా పాత కండువా ఒకటి వాడికి చూపించడానికి ఉంచుకుని నన్ను పంపేసేవారు. నేను వెళ్ళి నీళ్ళ ట్యాంకు వెనకో, సగం కట్టి వదిలేసిన మేడ మెట్ల కిందో నక్కి కూర్చునేదాన్ని. తేలు కుడుతుందేమో, గోడ కూలుతుందేమో, వీళ్ళిద్దరూ నన్ను మరిచిపోయి ఇంటికి పోయారేమో అనుకుంటూ వణికేదాన్ని. వాడు తప్పకుండా వచ్చేవాడు. వచ్చి, నాకు రెండు మూరల దూరంలో కూర్చుని ఆయన మొహంలోకి చూసేవాడు. నాకు భయమని ఆయనే వాడికి ఆ దూరం నేర్పారు. ఆ తర్వాత ఆయన తొందర లేకుండా వంగి, ముందు పొట్ట కింద క్లిప్పు తీసి, తర్వాత మెడలోంచి తప్పించి, "చాల్రా పెద్దోడా, దొరికింది. ఇంటికి పోదాం" అనేవారు. ఎడమ జేబులోంచి ఉడికిన గుడ్డు సగం తీసి పెట్టేవారు. ఆ మాట అనకుండా ఆయన హార్నెస్ విప్పగా నేనెప్పుడూ చూడలేదు. తొడిగేటప్పుడు కూడా అంతే, పట్టీ కింద రెండు వేళ్ళు దూర్చి చూసేవారు. రెండు వేళ్ళు దూరితేనే సరి. ఒకటే దూరితే బిగువు, మూడు దూరితే జారుతుంది.

ఐదు నెలల కిందట మా పేటలోనే ఎవరో పెద్దాయన కనబడటం లేదని ఫోనొస్తే ఇద్దరూ పోయారు. దారి పాత గూడ్సు యార్డులోకి తీసుకెళ్ళింది. అక్కడ మా ఆయన గుండె ఆగిపోయింది. గోడకి ఆనుకుని, అలసిపోయి కూర్చున్నట్టే ఉన్నారట. పక్కన వీడు. మనుషులు వచ్చేసరికి వీడు ఆయన్ని వదలడు, ఎవర్నీ దగ్గరకి రానివ్వడు. నలుగురు కలిసి వీపు మీది పట్టీ పట్టుకుని ఈడ్చుకుపోయి వ్యానులో పడేశారు. వాళ్ళని అనడానికేం లేదు, ఆయన్ని బతికిద్దామనే తొందర వాళ్ళది. ఆ పెద్దాయన మాత్రం సాయంత్రానికి బస్సెక్కి తనంతట తనే ఇంటికి చేరాడు.

ఆసుపత్రి నుంచి ఆయన వస్తువులతో పాటు, వ్యానులో వాడి ఒంటి మీంచి లాగేసిన హార్నెస్ కూడా వచ్చింది. ఆసుపత్రి నుంచి వచ్చింది కదా, ఏ రోగం అంటుకుందో ఏమో అని వేణ్ణీళ్ళలో సబ్బుపొడి వేసి రెండు రోజులు నానబెట్టి, బ్రష్షు పెట్టి తోమి, ఎండలో వేశాను. నా చేతుల్తో నేనే చేశాను.

చిట్టి ఏడాదిగా అదే దళంలో సహాయకురాలు. వాళ్ళ నాన్న పోయాక కుక్కని నాకివ్వండని అడిగింది. మూడు నెలలు నాన్చి, చివరికి ఆరు వారాలు గడువిచ్చారు. ఆ లోపల వాడు హార్నెస్ వేసుకుని పరీక్ష దారి నడిస్తే వాడు చిట్టికి, ఆ పని చిట్టికి. లేకపోతే వాణ్ణి ఊరవతల కుక్కల కేంద్రానికి పంపేస్తారు, చిట్టిని రికార్డుల గదిలో కూర్చోబెడతారు.

ఇప్పుడు దాచి ఏం లాభం. నాకు రికార్డుల గదే నచ్చింది. పైకప్పు ఉంటుంది, ఫ్యాను ఉంటుంది, గోడకి ఆనుకుని చచ్చిపోయే పని ఉండదు.

చిట్టి మొదటివారం హార్నెస్ మేకు మీంచి తీసి గది మధ్యలో నేల మీద పెట్టింది. దాని చుట్టూ ఉడికిన గుడ్డు ముక్కలు చల్లింది. వాడు గుమ్మం అవతలే పడుకుని చూసేవాడు, నోట్లోంచి నీళ్ళు కారుతున్నా లేచేవాడు కాదు. నాలుగో రోజుకి ఒక్క ముక్క తిన్నాడు. వారానికి దాని పక్కన నిలబడ్డాడు. రెండోవారం వీపు మీద ఊరికే ఆనించి తీసేసేది, ఆనించినందుకు ఒక ముక్క, తీసినందుకు ఒక ముక్క. క్లిప్పు టక్కుమంటే వాడికి ప్రాణం పోయేది. అందుకని దాన్ని దుప్పటి కింద పెట్టి నొక్కేది, తర్వాత గుప్పెట్లో, తర్వాత పక్క గదిలో, తర్వాత వాడి ఎదురుగా. ఎంత ఓపికో దానికి. ఇంత ఓపిక నా దగ్గర మాత్రం ఎప్పుడూ చూపించలేదు.

నేను కుట్టు మెషిను దగ్గర కూర్చుని నర్సుల కోట్లకి పొడుగు తగ్గిస్తూ, కంగారుపడుతూ ఉండేదాన్ని.

"కరుస్తాడేమోనే, మొహం దగ్గర పెట్టకు."

"కరవడమ్మా."

"గొంతుకి బిగుసుకుంటే?"

"ఇంకా మెడలో వెయ్యనే లేదు కదా!"

"వేసినప్పుడు..."

"అమ్మా, నువ్వు ఊపిరి బిగబడితే వాడికి వినిపిస్తుంది. కాస్త మామూలుగా పీల్చు."

మామూలుగా పీల్చడం ఎలాగో నాకు ఈ వయసులో ఎవరు నేర్పుతారు?

నాలుగోవారం మెడలోంచి వేసి పొట్ట కింద క్లిప్పు పెట్టింది. వాడు అరవలేదు, కరవలేదు. నాలుగు కాళ్ళూ చాపుకుని నేలకి అతుక్కుపోయి, ఉన్నచోటే తడిపేశాడు. చిట్టి విప్పేసింది. ఆ రోజు నుంచి గుడ్డు కూడా ముట్టడం మానేశాడు. నాలుగు వారాల పనీ ఒక్క పూటలో నీళ్ళపాలైంది.

ఆరోవారం దళంలో పెద్ద ట్రైనర్ చూడటానికి వచ్చారు. మా ఆయనకన్నా పెద్దవారు, నన్ను చెల్లెమ్మా అంటారు. వాడి పక్కటెముకలు తడిమి, హార్నెస్ తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"దీన్ని ఉతికావా చెల్లెమ్మా?"

"రెండు రోజులు నానబెట్టానండీ" అన్నాను. ఎవరైనా మెచ్చుకుంటారేమోనని చెప్పినట్టుంది ఆ గొంతు.

ఆయన హార్నెస్ నేల మీద పెట్టారు. "మనిషి గుర్తు పోయింది, ఈడ్చిన గుర్తు మిగిలింది" అన్నారు చిట్టితో. "కొత్తది తెచ్చినా అదే ఆకారం. వాడికి మళ్ళీ మొదట్నుంచీ నేర్పాలి, దానికి ఏడాది పడుతుంది. మనకున్నది వచ్చే సోమవారం దాకా."

"గడువు పొడిగించరా మావయ్యా?"

"అడిగాను. ఇప్పటికే రెండుసార్లు అడిగాను."

ఆయన వెళ్ళాక చిట్టి నా వైపు తిరిగింది. "నీకు లోపల సంతోషంగా ఉంది కదమ్మా?"

నేను సూదిలో దారం ఎక్కిస్తున్నాను. ఎక్కడం లేదు.

"చెప్పు, ఏమనుకోను. నేను ఫైళ్ళు సర్దుకుంటూ కూర్చుంటే నీకు నిద్ర పడుతుంది. వాడు ఎక్కడో బోనులో ముసలాడైపోయినా పర్వాలేదు."

"నీకు పిల్లలు పుడితే తెలుస్తుంది" అన్నాను. జవాబు లేనప్పుడు తల్లులందరూ అనే మాట అది. చిట్టి లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం బట్టలు ఇచ్చేసి వచ్చి చూద్దును కదా, నా కూతురు గది మధ్యలో మోకాళ్ళ మీద, చేతుల మీద వంగి ఉంది. హార్నెస్ తన మెడలో వేసుకుంది. పట్టీ చాలక భుజం దగ్గర ఇరుక్కుంది. కిందపెట్టిన గిన్నెలోంచి గుడ్డు ముక్క నోటితో అందుకుని నములుతూ, "చూడు, నాకేమైనా అయిందా? చూడరా, ఏమీ కాలేదు" అంటోంది వాడితో. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. వాడు మెల్లగా వచ్చి దాని చెంప నాకి, మళ్ళీ వెళ్ళి గుమ్మం అవతల పడుకున్నాడు.

నేను వచ్చినట్టు వాళ్ళకి తెలియలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని వెనక్కి తిరిగి, పడగ్గదిలోకి పోయాను.

బీరువాలో దుప్పట్ల కింద ఒక ప్లాస్టిక్ కవరు ఉంది, మూతి ముడివేసి. అందులో ఆయన చొక్కా. ఆ రోజు పొద్దున్న యూనిఫారం వేసుకోవడానికి విప్పి కొక్కేనికి తగిలించిన నీలం చొక్కా. ఇంట్లో ఉతక్కుండా మిగిలింది అదొక్కటే. ఐదు నెలల్లో రెండుసార్లే తెరిచాను, తెరిస్తే లోపలున్నది పోతుందేమోనని. మూడోసారి తెరిచి, కాసేపు మొహానికి పెట్టుకుని, కత్తెర తీశాను.

కాలరు దగ్గర, చంకల దగ్గర బట్ట తీసుకున్నాను. ఛాతీ పట్టీకి, పొట్ట పట్టీకి లోపలివైపు లైనింగులాగా వేసి చేత్తో కుట్టాను. ఆ పట్టీ మందానికి మెషిను సూది విరిగిపోతుంది. లావు సూదితో, ఒక్కొక్క పోటూ పట్టకారు పెట్టి లాగుతూ కుట్టాను. చిట్టికి ఇచ్చి, "ఇది చూపించు" అన్నాను. చిట్టి ఆ నీలం రంగు గుర్తుపట్టి కుట్ల మీద వేలు పెట్టి చూసింది.

ఆదివారం పొద్దున పదింటికి దాన్ని నేల మీద పెట్టాం. వాడు తల ఎత్తాడు. ముక్కుపుటాలు కదిలాయి. లేచి, గుమ్మం దాటి, తిన్నగా వచ్చి, ఆ బట్టలో ముక్కు పెట్టి అలాగే ఉండిపోయాడు. చిట్టి పట్టీ ఎత్తి పట్టుకుంది. వాడే అందులో తల దూర్చాడు. క్లిప్పు టక్కుమంది. వాడు కదలలేదు. చిట్టి తాడు తగిలించి, నా వైపు చూసి, ఏడుపూ నవ్వూ కలిపి ఒక చప్పుడు చేసింది.

అప్పుడు వాడు ముక్కు నేలకి ఆనించి బయల్దేరాడు.

తాడు బిగుసుకుని చిట్టి చెయ్యి సాగిపోయింది. "అమ్మా, వీడు పనిలోకి దిగాడు" అని అరిచింది. నేను దొరికిన చెప్పులు వేసుకుని వెనకే పరిగెత్తాను. ఒకటి నాది, ఒకటి చిట్టిది. సందు చివర ఇస్త్రీ బండి, టైర్ల కొట్టు, బడి గోడ, వంతెన కింద దారి. ఐదు నెలల కిందటి వాసన నేల మీద మిగలదు, దారి వాడికి గుర్తుంది, ఎక్కడా తడబడలేదు. వంతెన దాటగానే నాకు అర్థమైంది.

చొక్కా చూపించి హార్నెస్ తొడిగాం. వాడికి దానర్థం ఒక్కటే, ఈ మనిషి తప్పిపోయాడు, వెతుకు. నాలుగేళ్ళూ ఆదివారం ఆదివారం నా కండువా చూపించి ఆయన నేర్పిన పాఠం అదే. ఆ పాఠం ఎలా జరుగుతుందో మా ఇంట్లో అందరికన్నా నాకే తెలుసు. తెలిసీ, వాడికి పోయిన మనిషిని వెతికే పని అప్పజెప్పాను.

గూడ్సు యార్డులో పట్టాల మధ్య గడ్డి మోకాళ్ళ దాకా ఉంది. పాములుంటాయి అనుకున్నాను, అనుకుంటూనే నడిచాను. వాడు ఇటుక గోడ దగ్గర ఆగాడు. ఒకచోట వాసన చూసి, చుట్టూ తిరిగి, మళ్ళీ అక్కడే వాసన చూసి, కూర్చుని చిట్టి మొహంలోకి చూశాడు. దొరికారని చెప్పే కూర్చోవడం అది. అక్కడ గోడ తప్ప ఏమీ లేదు.

"పదరా, పోదాం" అంది చిట్టి వాడితో. వాడు లేవలేదు. తాడు కాస్త లాగితే పళ్ళు బయటపెట్టాడు. చిట్టి తాడు వదిలేసి నేల మీద కూలబడి, రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. "వీణ్ణి ఇక్కణ్ణుంచి మళ్ళీ ఈడ్చుకుపోవాల్సిందేనామ్మా?"

నేనప్పుడు ఏమీ ఆలోచించలేదు. ఆలోచిస్తే భయమేసేది. ఆ గోడ దగ్గరికి వెళ్ళి, ఆయన ఆనుకున్నారన్న చోట ఆనుకుని కూర్చున్నాను. మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని, నీళ్ళ ట్యాంకు వెనక కూర్చునేదాన్ని చూడండి, అలాగే.

వాడు నన్ను చూశాడు. లేచి వచ్చాడు. రెండు మూరల దూరంలో ఆగి కూర్చున్నాడు, ఆయన నేర్పిన దూరం. చాలాసేపు చూశాడు. ఒళ్ళంతా సన్నగా వణుకుతోంది వాడికి.

"రారా" అన్నాను.

రాలేదు. రావద్దని కదా నేర్పింది. నేనే చెయ్యి చాపాను. నాలుగేళ్ళలో మొదటిసారి వాడి తల నా చేతికి తగిలింది. వేడిగా, గట్టిగా ఉంది. చెవి మాత్రం ఎంత మెత్తగా ఉందో. వాడు ముందుకి జరిగి గడ్డం నా మోకాలి మీద ఆనించాడు.

"చాల్రా పెద్దోడా" అన్నాను. "దొరికింది. ఇంటికి పోదాం."

వాడి కడుపులోంచి ఒక పెద్ద ఊపిరి బయటికొచ్చింది. చిట్టి పాకుతూ వచ్చింది. తొందర లేకుండా ముందు పొట్ట కింద క్లిప్పు తీసి, తర్వాత మెడలోంచి తప్పించింది. వాడు ఊరుకున్నాడు. ఎడమ జేబులోంచి తీసి పెట్టడానికి గుడ్డు లేదు. చిట్టి ఖాళీ చెయ్యే ఇస్తే దాన్నే నాకాడు. తిరిగి వచ్చేటప్పుడు మా ఇద్దరి మధ్య నడిచాడు, మెడకి ఒట్టి బెల్టుతో. ఇంటికి వచ్చి రెండు గిన్నెల అన్నం తిన్నాడు.

సాయంత్రం ట్రైనర్ అన్నయ్యగారు అంతా విని తల పట్టుకున్నారు. "ఎంత పని చేశావు చెల్లెమ్మా! వాసన బట్ట హార్నెస్‌కే కుట్టేస్తారా ఎవరైనా? ఈ దళం పుట్టాక ఈ తప్పు చేసిన దానివి నువ్వొక్కదానివే." కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "మేమెవ్వరం వాడికి పని అయిపోయిందని చెప్పలేదు" అన్నారు. "నలుగురం ఉన్నాం అక్కడ. ఒక్కడికీ తట్టలేదు."

ఆ నలుగురిలో ఆయన కూడా ఉన్నారని నాకు అప్పుడే తెలిసింది. టీ పెట్టిచ్చాను.

లైనింగు విప్పేయాలన్నారు, లేకపోతే తొడిగినప్పుడల్లా అక్కడికే పోతాడని. వెలుతురుండగానే కూర్చుని కుట్లు ఒక్కొక్కటే విప్పాను. ఆ నీలం ముక్కల్లో ఇక ఆయన వాసన లేదు, ఒట్టి కుక్క వాసన. కవరులో పెట్టి ముడివెయ్యలేదు. ఉతికి ఆరేశాను. పట్టీలకి మామూలు తెల్లబట్ట వేసి కుట్టాను, దానికి ఎవరి వాసనా లేదు.

సోమవారం పొద్దున చిట్టి హార్నెస్ ఎత్తి పట్టుకుంటే వాడు కాసేపు అటూ ఇటూ చూసి, తల దూర్చాడు. పరీక్ష దారిలో ఒకచోట తప్పి, మళ్ళీ అందుకున్నాడట. ప్యాసు చేశారు. నేను చూడటానికి వెళ్ళలేదు. ఇంట్లో కూర్చుని ఒక నర్సు కోటుకి రెండు చేతులూ ఒకే వైపు కుట్టేశాను.

మొదటి ఫోను గురువారం మధ్యాహ్నం వచ్చింది. బడి వదిలాక ఇంటికి రాని పిల్ల, ఏడేళ్ళట. చిట్టి బూట్లు వేసుకుంటోంది. నా నోటిదాకా వచ్చాయి అన్నీ. మబ్బు పట్టింది, కాలువ ఉంది, రాత్రయితే ఎలా, గుండె పరీక్ష చేయించుకున్నావా? ఆ పిల్ల తల్లి ఈ పాటికి ఏ గుమ్మంలో నిలబడి ఉంటుందో, ఎన్నిసార్లు వీధి చివరిదాకా వెళ్ళి వచ్చి ఉంటుందో అనిపించింది. అన్నీ మింగేశాను.

పెద్దోడు అప్పటికే తలుపు వెనక మేకు కింద వచ్చి కూర్చున్నాడు.

చిట్టి తొడిగింది. నేను వంగి, పొట్ట పట్టీ కింద వేళ్ళు దూర్చి చూశాను. వాడు కదలలేదు. రెండు వేళ్ళు దూరాయి.

"సరిగ్గా ఉందామ్మా?"

"సరిగ్గానే ఉంది" అన్నాను. సగం గుడ్డు కాగితంలో చుట్టి చిట్టి ఎడమ జేబులో పెట్టాను. "దొరికాక ఆ మాట చెప్పడం మరిచిపోకు. దొరక్కపోయినా సరే, చెప్పాకే విప్పు."